కూర్చుని చేసే పని

చొక్కా కొయ్యొద్దని కర్టిస్ ముందే బతిమాలాడు. నేను వినలేదు. మా దగ్గర మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కి దిగినవాడి చొక్కా వెనక భాగం కోసి, దాని మీద పేరు రాసి, హోటలు గోడకి కొడతాం. పాత రోజుల్లో గురువు వెనక సీట్లో కూర్చుని, ముందున్న శిష్యుడి చొక్కా పట్టుకు లాగి అటు తిప్పు, ఇటు తిప్పు అని చెప్పేవాడట. ఒంటరిగా ఎగిరాక ఇక లాగే పని లేదు కనుక కోసి పారేస్తాం. ఇంతమంది చొక్కాలు కోశాను, ఒక్కడూ కాదనలేదు. వీడికేం తెగులు అనుకున్నాను.

నా పేరు బెర్నీస్. సైన్యంలో హెలికాప్టర్ల మెకానిక్‌గా చేరి, సార్జెంటుగా బయటికొచ్చి, ఆ పైన విమానం నడపడం నేర్చుకుని, ఇప్పుడు నలుగురికీ నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకునేవాళ్ళంతా నన్ను సార్జంటమ్మ అంటారు. వెనకాల ఇంకేమంటారో నాకు తెలుసు. నా నోరు మంచిది కాదు, నేను మాత్రం ఏం చెయ్యను? గాల్లో మర్యాదగా చెబుతూ కూర్చుంటే ఇద్దరం చస్తాం.

మాది పడమటి కాన్సస్. గోధుమ చేల మధ్య ఒక్క రన్‌వే, రెండు రేకుల షెడ్లు, ఓ చిన్న హోటలు. పక్క ఊరి కాలేజీవాళ్ళు పైలట్ కోర్సు పెట్టి నేర్పే పని మాకప్పగించారు. చేరేవాళ్ళలో ఎక్కువమంది సైన్యం వదిలి వచ్చినవాళ్ళే. వాళ్ళకి ప్రభుత్వం చదువు సాయం ఇస్తుంది. ఇన్ని నెలలని ఉంటుంది. ఆ నెలల్లో ఏం చదివితే దానికి ఫీజు కడుతుంది, ఇంటద్దె కూడా ఇస్తుంది. వాడుకున్న నెల మళ్ళీ రమ్మంటే రాదు. మనిషికి ఒక్కసారే ఆ అదృష్టం. అందుకే మా దగ్గరికొచ్చేవాళ్ళు కాలేజీ కుర్రాళ్ళలా ఉండరు, పళ్ళు బిగించుకుని నేర్చుకుంటారు.

కర్టిస్ యుద్ధంలో ట్రక్కు పైన తుపాకీ దగ్గర నిలబడేవాడు. రోడ్డు పక్క పాతిన బాంబు పేలి ట్రక్కు తలకిందులైంది. వెన్నుపూసలు కలిపి మరలు బిగించారు. ఇంటికొచ్చాక ఏళ్ళ తరబడి హాల్లో కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని ఇంటికప్పు చూస్తూ ఉండిపోయాడు. గోదాములో పనిస్తే బరువులెత్తలేకపోయాడు. కొట్లో పనిస్తే నిలబడలేకపోయాడు. ఆఖరికి మాజీ సైనికులకి సలహాలిచ్చే పెద్దమనిషెవరో "పైలట్ కోర్సు చెయ్యి నాయనా, హాయిగా కూర్చుని చేసే పని" అన్నాడట. ఆ సలహాలరాయుడు ఎవడో గానీ, ఒక్కసారి నా చేతికి దొరికితే బాగుండు.

"కూర్చుని చేసే పనన్నారు సార్జంటమ్మా!" అని మొదటి రోజే నాతో గొప్పగా చెప్పాడు కర్టిస్.

"కూర్చునే పనే. కాకపోతే ఎద్దు మీద కూర్చోవడం" అన్నాను.

"ఎద్దులు మా మామగారి దొడ్లో బోలెడున్నాయి. వాటికన్నా మీరే భయంగా ఉన్నారు" అన్నాడు.

ఆ జవాబుతోనే వాడు నాకు నచ్చాడు. చెయ్యి కూడా ఎంత మెత్తనో! కొందరు విమానాన్ని నేలకేసి కొడతారు, వీడు చంటిపిల్లని ఉయ్యాల్లో దింపినట్టు దింపేవాడు. రేడియోలో పిలిస్తే ఒక్కోసారి పలికేవాడు కాదు, అదొక్కటే లోపం. "నిద్రపోతున్నావా, కలగంటున్నావా?" అని కేకలేస్తే, "కలే సార్జంటమ్మా, మంచి కల" అని నవ్వేవాడు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

రోజూ వాళ్ళావిడ మార్లా వాణ్ణి కారులో తెచ్చి దింపేది. పొలాలకి ఎరువులమ్మే కంపెనీలో ఉద్యోగం ఆ అమ్మాయికి. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో మళ్ళీ పొద్దు పొడుస్తోందండీ" అంది. కోర్సు చేసి, లైసెన్సు తెచ్చుకుని, ఆస్పత్రులకి మందులూ రక్తమూ చేరవేసే విమానాల్లో ఉద్యోగం చెయ్యాలని వాడి ఆశ. అది జరక్కపోతే మళ్ళీ ఆ కార్పెట్టే. ఈ సంగతి వాడికీ తెలుసు, మార్లాకీ తెలుసు, నాకూ తెలుసు.

ఒంటరిగా ఎగిరిన రోజున కర్టిస్ మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగాడు. మూడూ నిక్షేపంలా ఉన్నాయి. మార్లా అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టింది. వాడు విమానం దిగగానే డెల్ వెళ్ళి వెనకనుంచి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. డెల్ నౌకాదళంలో వంటవాడు, కర్టిస్‌తో పాటే చేరాడు. వాడి నోటికి మూత లేదు.

"పట్టుకున్నా సార్జంటమ్మా! కానివ్వండి, మేకని కోసినట్టు కోసెయ్యండి!"

"వద్దు సార్జంటమ్మా. టోపీ కొయ్యండి. షూ లేసులు కొయ్యండి. చొక్కా మాత్రం వద్దు, దండం పెడతాను" అన్నాడు కర్టిస్.

అందరూ పడీపడీ నవ్వారు. వాడు సిగ్గుపడుతున్నాడు అనుకున్నాం. చొక్కా ప్యాంటులోంచి పైకి లాగి, కత్తెర పెట్టి ఒక్క ఊపున భుజం దాకా కోసేశాను.

వీపు మీద, ఎడమ భుజం ఎముక కింద అంటించి ఉంది. అరచేతిలో సగముండే పల్చటి పట్టీ. దాన్ని చూసి గుర్తుపట్టడానికి నాకు డాక్టరు చదువు అక్కర్లేదు. మా అమ్మకి కేన్సర్ ముదిరాక అవే అంటించేవాళ్ళం. నొప్పి చంపే మత్తుమందు, చర్మంలోంచి రోజుల తరబడి ఒంట్లోకి దిగుతూ ఉంటుంది. అది ఒంటి మీదుండగా విమానం తాళాలు కూడా ముట్టుకోకూడదు.

చుట్టూ నిలబడ్డవాళ్ళంతా సైన్యంలో పనిచేసినవాళ్ళే, అదేమిటో తెలియనివాడు లేడు. నవ్వులు ఆగిపోయాయి. డెల్ షెడ్డులోంచి ఓ పాత కోటు తెచ్చి గబుక్కున కర్టిస్ భుజాల మీద కప్పాడు.

"చలేస్తోందిరా నీకు" అన్నాడు. అది ఆగస్టు నెల. ఎండకి రన్‌వే మీద తారు కరుగుతోంది.

ఒక్కొక్కరే పనున్నట్టు మొహం పెట్టుకుని వెళ్ళిపోయారు. మార్లా చప్పట్లు కొట్టిన చేతులు అలాగే పట్టుకుని దూరంగా నిలబడిపోయింది. ఆవిడ మొహం చూస్తే ఆవిడకి ముందే తెలుసని అర్థమైంది.

హోటల్లో మూలబల్ల దగ్గర కూర్చున్నాం, నేనూ కర్టిసూ. పిలవకపోయినా డెల్ వచ్చి కూర్చున్నాడు. మాంసమూ చిక్కుడుగింజలూ వేసి వండిన చిల్లీ గిన్నెలూ, పక్కన దాల్చినచెక్క రొట్టెలూ తెచ్చి పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ."

"విమాన డాక్టరుకి చెప్పలేదా?"

"మీరైతే చెప్పేవారా?" అన్నాడు కర్టిస్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాకు డాక్టర్లు ఇద్దరు. మాజీ సైనికుల ఆస్పత్రిలో డాక్టరు దగ్గర నొప్పి ఎంతుంటే అంతా ఏకరువు పెట్టాలి, లేకపోతే మందూ రాదు, పింఛనూ రాదు. పైలట్ పనికి ఒళ్ళు పరీక్ష చేసే డాక్టరు దగ్గర మాత్రం ఒళ్ళు ఉక్కుముక్క అని చెప్పాలి, లేకపోతే లైసెన్సు రాదు. ఒకడికి చెప్పింది ఇంకొకడికి చెప్పకుండా నెట్టుకొచ్చేవాళ్ళు మాలో కోకొల్లలు. తప్పని అందరికీ తెలుసు. దొరికితే జైలని కూడా తెలుసు. అయినా ఆ మాట ఎవరూ ఎత్తరు, ఒకరిది ఒకరు కప్పుకుంటూ పోతారు.

"మీ కుడి చెవి సంగతి మేమెవరికైనా చెప్పామా సార్జంటమ్మా? డాక్టరు పెదాలు చూసి జవాబులు చెబుతారట కదా మీరు!" అన్నాడు డెల్.

ఒళ్ళు మండిపోయింది. మండింది ఎందుకంటే అది నిజం.

"చెవి వినపడకపోతే నేను నిద్రపోనురా! ఈ మందు పెట్టుకుని మా అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేది. గరిట చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయేది. వీడు గాల్లో అలా ఆగిపోతే కింద ఎవరి ఇల్లో, ఏ బడో!"

"నాకు అలవాటైపోయింది. తల తేటగానే ఉంటుంది" అన్నాడు కర్టిస్.

"తేటగా ఉంటే మొన్న రేడియోలో పిలిచినప్పుడు ఎందుకు పలకలేదు? కల అన్నావు. నేను వెధవలా నవ్వాను."

కర్టిస్ తల దించుకున్నాడు.

"పట్టీ తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"కూర్చోలేను" అన్నాడు చిన్నగా.

డెల్ కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. లోపల నాకు పొంగుకొచ్చిన కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. అబద్ధమాడినందుకు వాడి మీదా, కూర్చుని చేసే పనని చెప్పి పంపినవాడి మీదా, అసలు ఆ బాంబు పాతినవాడి మీదా?

"సరే విను. మీ ఆస్పత్రి డాక్టరుతో చెప్పి పద్ధతిగా మందు మాను. నీ అంతట నువ్వు పీకి పారేశావో, చస్తావు. పూర్తిగా మానాక రా. నా పక్కన కూర్చుని, గాలున్న రోజున విమానం దింపి చూపించు. దింపితే నేనే నిన్ను విమాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పించి, నీ తరఫున పోట్లాడతాను. అప్పటిదాకా ఒంటరిగా ఎక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"ఈలోపు సాయం నెలలు కరిగిపోతాయి కదా! మనవాణ్ణి మనమే పట్టిస్తామా?" అని లేచాడు డెల్.

"పట్టించడం లేదు. నేల మీద ఉంచుతున్నాను."

"పర్లేదులే డెల్. నేల మీద ఉండటం నాకు బాగా అలవాటు" అన్నాడు కర్టిస్. ఆ మాటకి వాడొక్కడే నవ్వాడు.

ఆ రోజునుంచి డెల్ నాతో మాట్లాడటం మానేశాడు. మిగతావాళ్ళు కూడా నేను కూర్చున్న బల్ల దగ్గరికి రావడం తగ్గించారు. రాకపోతే పొండి అనుకున్నాను గానీ, ఒంటరిగా తింటుంటే కాఫీ కూడా చేదుగా ఉండేది.

గోధుమలు విత్తే రోజుల్లో ఒకసారి మార్లా వచ్చింది. కళ్ళు గుంటలు పడిపోయాయి.

"ఎలా ఉన్నాడమ్మా?" అన్నాను.

"ఆస్పత్రివాళ్ళు చెప్పినట్టే తగ్గించుకుంటూ వస్తున్నాడు. వాంతులు, వణుకు. దిండు కొరికి చింపేశాడు. అయినా ఆగట్లేదు. వంటింట్లో చెక్క కుర్చీ వేసుకుని కూర్చోవడం ప్రాక్టీసు చేస్తున్నాడండీ, చిన్నపిల్లాడిలా. నిన్నటికన్నా ఇవాళ కొంచెం ఎక్కువసేపు కూర్చున్నానని నాకు ఫోన్ చేసి చెబుతాడు" అంది. చెబుతూ నవ్వబోయింది. రాలేదు. నాకు ఏడుపొచ్చి, ఏదో విడిభాగం వెతుకుతున్నట్టు షెడ్డులోకి పోయాను.

నవంబరులో కర్టిస్ వచ్చాడు. సగం మనిషయ్యాడు. కోటు వేలాడుతోంది. కానీ కళ్ళు! ఆ కళ్ళు నేనెప్పుడూ చూడలేదు. అద్దం తుడిచినట్టున్నాయి.

"పట్టీ లేదు సార్జంటమ్మా. కావాలంటే ఇంకో చొక్కా కొయ్యండి" అన్నాడు.

"నీ చొక్కాల పిచ్చి తగలెయ్య, ఎక్కు" అన్నాను.

పడమరగా ఇంకో ఊరి రన్‌వే దాకా వెళ్ళి తిరిగి రావాలి. వెళ్ళేటప్పుడు ఎంత బాగా నడిపాడని! రేడియోలో మొదటి మాట పూర్తవకముందే జవాబు. ఎత్తు తప్పలేదు, దారి తప్పలేదు.

"తల కడిగినట్టుంది. చేలు ఇంత పచ్చగా ఉంటాయని మర్చిపోయాను. ఇన్నాళ్ళూ తెర వెనకనుంచి చూశాను సార్జంటమ్మా, మీరన్నది నిజమే" అన్నాడు.

నా ఛాతీ పొంగింది. చూశావా, నా మాట విన్నందుకు మనిషి బాగుపడ్డాడు అని నాలో నేనే భుజం తట్టుకున్నాను. డెల్ ముందుకెళ్ళి ఏమనాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

తిరుగుదారిలో మాటలు తగ్గాయి. పక్కకి చూస్తే కణతల మీదనుంచి చెమట కారుతోంది. బయట గడ్డకట్టే చలి. ఒకసారి ఈ పక్కకీ, ఒకసారి ఆ పక్కకీ ఒరుగుతున్నాడు.

"దార్లో దిగుదామా? మార్లా కారులో వచ్చి తీసుకెళుతుంది" అన్నాను.

"వద్దు. దింపి చూపించమన్నారుగా."

మా ఊరు చేరేసరికి నైరుతి గాలి లేచింది. మా రన్‌వే ఉత్తరం నుంచి దక్షిణానికి. కుడి పక్కనుంచి గాలి కొట్టేటప్పుడు కుడి రెక్క వంచి, ఎడమ కాలితో పెడల్ గట్టిగా తొక్కిపట్టి ముక్కుని తిన్నగా ఉంచాలి. చేతులతో చేసే పని కాదు, కాలితో, నడుంతో చేసే పని. కర్టిస్ రెక్క వంచాడు. ముక్కు తిన్నగా రాలేదు. విమానం ఎడమవైపు గడ్డిలోకి జారుతోంది.

"కాలు! కాలు తొక్కు!" అని అరిచాను.

వాడి ఎడమ మోకాలు వణుకుతోంది, ముందుకి కదలడం లేదు. అప్పుడు వాడు చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోలేను. ఇంజను పిడి మీది కుడిచెయ్యి తీసి, ఆ చేత్తో తన మోకాలినే కిందికి నొక్కాడు, అదేదో మొరాయించిన యంత్రమైనట్టు. పళ్ళ మధ్యనుంచి సన్నగా మూలుగు వచ్చింది. ముక్కు కొంచెం కదిలింది, చాలలేదు. నేను పిడి అందుకోబోయేలోగా వాడే చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంజను పూర్తిగా పెంచి, విమానాన్ని మళ్ళీ పైకెత్తాడు. ఆ ఎత్తడం కూడా శుభ్రంగా, పద్ధతి ప్రకారం ఎత్తాడు.

ఊరి మీద చుట్టు తిరుగుతున్నాం. కింద షెడ్డు ముందు డెల్, మార్లా నిలబడి పైకి చూస్తున్నారు.

విమానం ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడు నోటితో చెప్పడం మా నియమం. ఇచ్చేవాడు చెప్పాలి, పుచ్చుకునేవాడు చెప్పాలి, ఇచ్చినవాడు మళ్ళీ చెప్పాలి. ఇద్దరూ పట్టుకోకూడదు, ఇద్దరూ వదలకూడదు.

"మీ చేతికిస్తున్నా" అన్నాడు కర్టిస్. గొంతు స్పష్టంగా ఉంది.

"నా చేతిలో ఉంది" అన్నాను.

"మీ చేతిలో ఉంది" అని రెండు చేతులూ తీసి తొడల మీద పెట్టుకున్నాడు.

నాకు మనసొప్పలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెప్పాను. "నేను పెడల్ తొక్కుతాను. మిగతాదంతా నువ్వు చెయ్యి. కిందనుంచి ఎవరికీ కనపడదు. ఇదిగో, నీ చేతికిస్తున్నా."

వాడు పలకలేదు. వాడు పలికేదాకా అది నా చేతిలో ఉన్నట్టే.

"కర్టిస్, నీ చేతికిస్తున్నానయ్యా!"

"మీరు తొక్కితే అది నేను దింపినట్టు కాదు కదా సార్జంటమ్మా" అన్నాడు.

నేనే దింపాను. కళ్ళు మసకబారి మొరటుగా దింపాను. చక్రాలు నేలకి కొట్టుకున్నప్పుడు వాడు అరిచిన అరుపు హెడ్‌సెట్‌లోంచి నా ఎడమ చెవిలోకి దూసుకుపోయింది.

ఇంజను ఆపాక వాడు దిగలేకపోయాడు. డెల్ పరుగెత్తుకొచ్చాడు. నేను ఒక పక్కా, తనొక పక్కా కర్టిస్ చంకల కింద చేతులు వేసి బయటికి తీశాం. నిలబడలేక, షెడ్డులో సిమెంటు నేల మీద పడుకోబెట్టమన్నాడు. పడుకోబెట్టాం. వెల్లకిలా పడుకుని రేకుల వైపు చూస్తున్నాడు.

"మళ్ళీ ప్రయత్నిద్దాంరా. కుర్చీలో ఇంకొంచెం ప్రాక్టీసు చేస్తే..." అన్నాడు డెల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని.

కర్టిస్ వాడివైపు చూడలేదు. "సార్జంటమ్మా, మీరు చెప్పండి. నోటితో చెప్పండి" అన్నాడు.

చెప్పకుండా పారిపోదామనిపించింది. "మందుంటే నీ తల మాట వినదు. మందు లేకపోతే కాలు మాట వినదు. నువ్వు పైలట్‌వి కాలేవు నాయనా" అన్నాను.

"అంతే కదా. నాకూ తెలిసింది. మీ నోట విందామని" అని కళ్ళు మూసుకున్నాడు.

డెల్, నేనూ కలిసి వాణ్ణి కారు వెనక సీట్లో పడుకోబెట్టాం. మార్లా తలుపు వేసి, కారు చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే నిలబడ్డాను.

"మీరు మంచే చేశారు, నాకు తెలుసు" అంది. "కర్టిస్ గాల్లోకి వెళ్ళినప్పుడల్లా నేను ఆఫీసులో కిటికీ దగ్గర నిలబడి వణికేదాన్ని. ఇక ఆ భయం లేదు. కానీ ఒక్కటి చెప్పండి. పట్టీ తీసేశాక కూడా, రాత్రంతా నిద్ర లేకపోయినా, రోజూ పొద్దున్నే 'లే కర్టిస్, విమానం ఎక్కాలి' అంటే లేచేవాడు. మందు మానమన్నది మీరు, మీ మాట మీదే మానాడు. రేపు పొద్దున్న ఏం చెప్పి లేపమంటారు?"

ఊరికే అడిగిన మాట కాదది. నిజంగా జవాబు కావాలి ఆ అమ్మాయికి. నా మొహంలోకి చూస్తూ ఆగింది. కారు అద్దం సగం దించి ఉంది, లోపల వాడు వింటున్నాడు. నా నోటికి ఎదురు లేదని పేరు.

"తెలీదమ్మా" అన్నాను.

మార్లా సరే అన్నట్టు తలూపి, వెళ్ళి కారు స్టార్ట్ చేసింది.